పాట వచ్చింది, పాడినవాళ్లేరీ?

ఒక ఆదివారం సాయంత్రం మా హాస్టల్ పిల్లలకు రెండు పాటలు చూపించాం. రెండూ కోక్ స్టూడియో ఎట్ ఎంటీవీ కార్యక్రమంలోవే. ఒకటి 2013లో వచ్చిన మూడో సీజన్‌లోని రాజస్థానీ పాట 'కఠే'. ఇంకొకటి 2015 నాటి నాలుగో సీజన్‌లోని సంబల్‌పురి పాట 'రంగబతీ'. రెండింటినీ కూర్చింది రామ్ సంపత్. పిల్లలు రెండింటికీ కాళ్లు కదిపారు. పాటలు అయిపోయాక ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి అడిగింది: "మొదటి పాటలో కొంగు ముసుగేసుకున్న పెద్దమ్మ ఉంది కదా సార్, రెండో పాటలో పెద్దమ్మ ఏది?"

నాలుగో సీజన్ గురించి మేము చెప్పదలచుకున్నదంతా ఆ పిల్ల ప్రశ్నలోనే ఉంది.

ముందు ఈ కార్యక్రమం సంగతి. ఒక కూల్‌డ్రింక్ కంపెనీ పేరు మీద నడిచే సంగీత కార్యక్రమం ఇది. 2007లో బ్రెజిల్‌లో మొదలైంది, 2008లో పాకిస్తాన్‌లో పేరు తెచ్చుకుంది, 2011లో మన దేశానికి వచ్చింది. మొదటి సీజన్‌ను లెస్లీ లూయిస్ ఒక్కరే నడిపించారు. రెండో సీజన్ నుంచి ఒక్కో ఎపిసోడ్‌ను ఒక్కో సంగీత దర్శకుడి చేతికిచ్చారు. జానపదం, శాస్త్రీయం, రాక్, ర్యాప్ ఒకే చోట కలవాలన్నది దాని ఉద్దేశం. సినిమా పాట తప్ప మరో పాట వినపడని టీవీలో ఇది మంచి పనే. నాలుగో సీజన్‌లోనే సచిన్-జిగర్ చేసిన 'లాడ్‌కీ'లో గుజరాతీ జానపద గాయకుడు కీర్తిదాన్ గఢ్వీ, సినిమా గాయని రేఖా భరద్వాజ్‌తో కలిసి పాడారు. ఇలాంటివి చూసినప్పుడు మాకూ సంతోషమే.

ఇక 'కఠే'. ఆ మాటకు రాజస్థానీలో 'ఎక్కడ' అని అర్థం. శొంఠి ఎక్కడిది, జీలకర్ర ఎక్కడిది అని అడిగే పాత పాట అది. పాడింది భన్వరీ దేవి. మొహం నిండా ముసుగు. పక్కన హార్డ్ కౌర్ ర్యాప్, చుట్టూ గిటార్లు, డ్రమ్ములు. ఇంత హోరులోనూ ఆమె గొంతు ఎక్కడా తగ్గలేదు. ఆమె భోపా కుటుంబానికి చెందిన మనిషి. భోపాలు బొమ్మలు గీసిన పొడవాటి గుడ్డను నిలబెట్టి పాబూజీ వీరగాథ పాడతారు. ఆ గుడ్డ పేరు ఫడ్. మన కోయ డోలీలు పడిగె విప్పి గోత్రాల కథ చెప్పడం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఈ పాటలో కలయిక ఉంది. పాటతో పాటు పాట తెలిసిన మనిషి కూడా వచ్చింది. ఏ గమకం ఎక్కడ పడాలో ఆమెకు ఒకరు నేర్పనక్కర్లేదు.

నాలుగో సీజన్‌కు వచ్చేసరికి ఇదే సంగీత దర్శకుడు 'రంగబతీ'ని తీసుకున్నారు. 1970ల్లో సంబల్‌పూర్ ఆకాశవాణి ద్వారా జనంలోకి వెళ్లిన పాట అది. రాసింది మిత్రభాను గౌంటియా, బాణీ కట్టింది ప్రభుదత్త ప్రధాన్, పాడింది జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్. అప్పటినుంచీ పశ్చిమ ఒడిశాలో ఆ పాట లేని పెళ్లి ఊరేగింపు అరుదు. కోక్ స్టూడియోలో దాన్ని సోనా మహాపాత్ర, రితురాజ్ మొహంతి పాడారు. ఇద్దరూ ఒడిశా వాళ్లే, ఇద్దరివీ మంచి గొంతులే. పాట హుషారుగా ఉంది. బయటి రాష్ట్రాల వాళ్లు ఎందరో ఆ పాటను మొదటిసారి విన్నది అప్పుడే. అదంతా నిజం. కానీ ఆ వేదిక మీద హరిపాల్ లేరు, కృష్ణా పటేల్ లేరు.

అదే ఏడాది గౌంటియా, ప్రధాన్ లీగల్ నోటీసు పంపారు. తమ అనుమతి లేకుండా వాడారని, పాట రూపు చెడగొట్టారని వాళ్ల ఫిర్యాదు. చట్టం ప్రకారం ఎవరిది ఒప్పో తేల్చడం మా పని కాదు. మేము అడిగేది వేరు. ఇలాంటి గొడవ ఎందుకు వస్తుంది? మా దృష్టిలో 'జానపదం' అనే మాట దగ్గరే తిరకాసు ఉంది. జానపదం అనగానే అది ఎవరిదీ కాదు, అడవిలో ఉసిరికాయ లాగా ఎవరైనా కోసుకోవచ్చు అనుకుంటారు. రంగబతీకి మాత్రం కవి ఉన్నాడు, స్వరకర్త ఉన్నాడు, గాయకులున్నారు. నలుగురూ బతికే ఉన్న రోజులవి. తర్వాత హరిపాల్‌కు 2017లో, గౌంటియాకు 2020లో, కృష్ణా పటేల్‌కు 2023లో పద్మశ్రీ వచ్చింది. దేశం వెతికితే దొరికిన మనుషులు వేదిక వెతికితే దొరకరా?

ఇంకో సంగతి కూడా గమనించాలి. కోక్ స్టూడియో రంగబతీలో 'బందే ఉత్కళ జననీ' గీతాన్ని కలిపారు. 2020లో అది ఒడిశా రాష్ట్ర గీతం అయింది. తమిళ ర్యాప్ కూడా పెట్టారు. రాష్ట్రం మీద ప్రేమతోనే కలిపి ఉండవచ్చు. కానీ సంబల్‌పురి మాట్లాడేవాళ్లలో చాలామంది తమది వేరే భాష అంటారు, దాన్ని కోసలి అని పిలుచుకుంటారు. ఢోల్, నిసాన్, తాసా, ముహురీ మోగే నేల వాళ్లది. అక్కడి దాల్ఖాయి ఆడేది ఎక్కువగా ఆదివాసీ స్త్రీలే. అలాంటి చోటి పాటకు తీరప్రాంతపు గీతాన్ని జోడించినప్పుడు, చిన్న భాష పెద్ద భాష జెండా కింద నిలబడాల్సి వస్తుంది. గోండి పాటను 'తెలుగు జానపదం' అని పరిచయం చేస్తే మన మనసుకు ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే.

పాటను ముట్టుకోకూడదని మేము అనడం లేదు. ముట్టుకోని పాట చచ్చిపోతుంది. మన కుర్రాళ్లు ఇప్పటికే ఫోన్‌లో థింసా దరువుకు కీబోర్డు కలుపుతున్నారు, గుస్సాడీకి డీజే పెడుతున్నారు. కలపనివ్వండి. కానీ మన దగ్గర పాటకు ఇల్లుంది. ప్రధాన్ కిక్రి పట్టి పాడితే గోండు ఇంటివాళ్లు ఆయనకు కట్టడి ఇచ్చుకుంటారు. పాటకు పెట్టుపోతలున్నాయి, వేళ ఉంది. కోయ డోలు పట్టి సమ్మక్క సారలమ్మల కథ పాడిన సకిని రామచంద్రయ్య గారు, మర్లవాయి గుస్సాడీ కనక రాజు గారు పద్మశ్రీలు అందుకుని 2024లో ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నవాళ్లు ఎందరు? రేపు ఏ స్టూడియోనో పిలిస్తే పాటతో పాటు వెళ్లగలిగిన మనిషి మన ఊళ్లో ఉండాలి కదా. అలా ఉండాలంటే ఆ పని బడిలోనే మొదలవ్వాలి.

అందుకే టీచర్లకు మా మనవి. ఈ రెండు పాటలూ తరగతిలో పక్కపక్కన పెట్టి వినిపించండి. ఆపైన పిల్లలతో నాలుగు ప్రశ్నలు రాయించండి. ఈ పాట ఏ ఊరిది, ఏ భాషది? మొదట ఎవరు కట్టారు, ఎవరు పాడారు? ఇప్పుడు వేదిక మీద వాళ్లు ఉన్నారా? వాళ్లను అడిగారా, వాళ్లకు ఏం ఇచ్చారు? తర్వాత ఇవే నాలుగు ప్రశ్నలు పట్టుకుని వాళ్ల అవ్వ దగ్గరికి, తాత దగ్గరికి వెళ్లి, ఇంట్లో పాడే ఒక పాట గురించి రాసుకు రమ్మనండి.

మా అమ్మాయి అలాగే రాసుకొచ్చింది. నాట్ల పాట ఒకటి, మొదట పాడినవాళ్ల పేరు దగ్గర ఖాళీ వదిలింది. "అవ్వకు కూడా తెలియదంట సార్, పక్క ఊళ్లో పెద్దక్కకు తెలుసంట, ఈ ఆదివారం పోతాం" అంది. ఆ ఖాళీని అలా గుర్తుపెట్టుకుని వెతకడమే మాకు కావలసింది. 'కఠే' అని భన్వరీ దేవి పాడిన ప్రశ్న కూడా అదే. ఎక్కడిది?