మూకముఖావరణ నాటకము - తరముల నడిమి స్నేహము

అభినయము ఆంగిక వాచికాహార్య సాత్త్వికములని నాలుగు విధములు. ఇందు వాచికమునకు భరతుడు మిక్కిలి ప్రాధాన్య మిచ్చి, అది నాట్యమునకు శరీరమువంటిదని తలచెను. అయినను వాక్కు లేని ప్రదర్శనము మన దేశమునకు క్రొత్త కాదు. సెరైకెలా ఛవూ నృత్యమున నటుడు ముఖావరణము ధరించి, ఒక్క మాటయైన పలుకక కథను నడపును. మేలట్టూరు భాగవతులు ప్రదర్శించు తెలుగు ప్రహ్లాద నాటకమున నృసింహుని ముఖావరణము పూజార్హమైన వస్తువు. ఈ రెండింట ముఖావరణము మానవుని దేవతగనో, పురాణపాత్రముగనో చేయుచున్నది. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమునుండి ఐరోపాలో వ్యాపించిన మూకముఖావరణ నాటకము దీనికి విపర్యయముగా నడచినది. అందలి ముఖములు దేవతలవి కావు. మన ప్రక్కయింటి ముసలమ్మవి, బడి యెగవేసిన కుఱ్ఱవానివి. ఇట్టి నాటకము ముసలివారికిని పిన్నలకును గల స్నేహమును వస్తువుగా గ్రహించినపుడు రససిద్ధి యెట్లు కలుగుచున్నది? కలిగిన ఆ రస మేది? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఐరోపా ముఖావరణ పునరుద్ధరణమునకును ఆంధ్రులకును ఒక సన్నని సంబంధము కలదు. గోర్డన్ క్రెయిగ్ 1908లో ఫ్లారెన్సు నగరమున 'ది మాస్క్' అను పత్రికను స్థాపించి, నటుని ముఖచేష్టలకంటె ముఖావరణమే గంభీరమైన సాధనమని వాదించెను. ఆనంద కుమారస్వామి 1913లో భారతీయ నాట్యపద్ధతిని గూర్చి ఆ పత్రికలోనే వ్యాసము ప్రకటించెను. 1917లో నందికేశ్వరుని అభినయదర్పణము ఆంగ్లమున వెలువడినపుడు కుమారస్వామికి సహానువాదకుడైనవాడు మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. చీరాల పేరాల ఉద్యమ నాయకునిగా ఆంధ్రలోక మెఱిగిన ఆ మహనీయుడు అంతకుముందే పాశ్చాత్యులకు మన హస్తముద్రలను పరిచయము చేసిన పండితుడు. కావున మన లక్షణశాస్త్ర పరిభాషతో ఈ పాశ్చాత్య నాటకమును పరీక్షించుట అసంగతము కాదు.

1915లో క్రెయిగును ఫ్లారెన్సునందు దర్శించిన ఫ్రెంచి ప్రయోక్త జాక్ కోపో, అటుపిమ్మట తన విద్యాలయమున ముఖావరణమును శిక్షణసాధనముగా ప్రవేశపెట్టెను. ఆ సంప్రదాయమును అందుకొన్న జాక్ లెకోక్ 1948లో ఇటలీకి పోయి, పాడువా నగరమున అమ్లేతో సార్తోరి యను శిల్పితో కలిసి తోలు ముఖావరణములను రూపొందించి, 1956లో పారిస్ నగరమున పాఠశాల నెలకొల్పెను. నేటి మూకముఖావరణ బృందములు పలువు రీ శాఖాచంక్రమణమున పుట్టినవారే.

ఇట ఒక సాంకేతిక విషయమును గమనింపవలెను. ఇటలీ దేశపు ప్రాచీన హాస్యనాటకములందు అర్ధముఖావరణము వాడుక. నోరు తెఱపిగా నుండును గనుక నటుడు సంభాషించును. సంపూర్ణ ముఖావరణమున నోరు సైతము మూతవడును. కావున మౌనము కవి యిచ్చవచ్చినట్లు తెచ్చిపెట్టుకొన్న నియమము కాదు. ఆహార్యము విధించిన నిర్బంధము. కన్నులకు చిన్న రంధ్రములే యుండుటచే నటునకు చూపు కొంచెము. అతడు కనుకొనలతో చూడజాలడు. చూడవలసినదానివైపు తల నంతయు త్రిప్పవలెను. ఒక తలపునకు ఒక కదలిక. ఆ కదలిక ముగిసిన పిదప గాని మఱొకటి కూడదు. మోము రవంత వంచిన విషాదచ్ఛాయ, రవంత యెత్తిన ప్రసన్నత తోచును. జపాను నో నాటకనటు లీ రెంటిని మబ్బుకమ్ముట, వెలుగొందుట యను నర్థము గల మాటలతో వ్యవహరింతురు.

ఇక సాత్త్వికమును విచారింతము. సాత్త్వికభావము లెనిమిది: స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము. సంపూర్ణ ముఖావరణము స్వేదమును, వైవర్ణ్యమును, అశ్రువును కప్పివేయును. స్వరభేదము వినబడదు, రోమాంచము ప్రేక్షకునకు కానరాదు. మిగిలినవి మూడు: కొయ్యబారుట, వణకుట, ఒఱగిపోవుట. ఈ మూడును వార్ధకమునకు సహజలక్షణములే యగుట గమనింపదగినది. ముసలమ్మ చేయి వణకినది. అది వయసు వణకించినదా, భయము వణకించినదా? ఆమె గడపకడ నిలిచిపోయినది. అది మోకాటి నొప్పియా, మనసున మెదలిన యే జ్ఞాపకమైననా? సామాన్యనాటకమున మాటయో కన్నీరో ఈ సందేహమును తీర్చును. ఇచట తీర్చునది ఎదుటి పాత్రము. పిన్నవాడు తల త్రిప్పి ఆ చేతిని చూచి, తన చేతిని ఆ చేతిపై నుంచినచో అది భయమని మన మెఱుగుదుము. చూడక సాగిపోయినచో అతడు దానిని వయసని తలచెనని యెఱుగుదుము. కావున ఈ నాటకమున స్నేహితు డనగా గుర్తును సరిగా చదువగలవాడు. స్నేహము వస్తువుగా నుండుటయే గాక అర్థబోధకు ద్వారము కూడ నగుచున్నది. వస్తురూపముల అన్యోన్యత యన్న నిదియే.

రెండు నాటకములను నిదర్శనముగా గైకొందము. జర్మనీలో ఒకప్పటి బొగ్గుగనుల మండలమైన ఎస్సెన్ నగరపు నటవిద్యార్థులు నెలకొల్పిన బృందము ఫమీలియె ఫ్లోట్స్. ఫ్లోట్స్ అనగా భూమిలోని బొగ్గుపొర. వీరి 'ఇన్ఫినీతా' 2006లో వెలువడినది. అందు పసితనమును, వృద్ధాశ్రమజీవితమును చూపు దృశ్యములు మార్చి మార్చి వచ్చును. పసివారిగా నడయాడిన నటులే వృద్ధులుగా తిరిగివత్తురు. వృద్ధాప్యము రెండవ బాల్యమను లోకోక్తికి ఇది సజీవ వ్యాఖ్యానము. హాస్యమునకు కొఱత లేదు, శరీరకౌశలము శ్లాఘ్యము. కాని ఇందలి బంధము ఉపమానోపమేయముల బంధము. బాలుడును వృద్ధుడును ఒకరికొకరు పోలికగా నిలిచిరేకాని, ఒకరికొకరు తోడుగా నిలువలేదు. సామ్యము వేఱు, సఖ్యము వేఱు.

ఇంగ్లండులో వూస్టరు పట్టణపు వామోస్ థియేటర్ 2006లో రేచల్ సావేజ్ స్థాపించినది. వీరి 'ఫైండింగ్ జాయ్' అను నాటకమున జాయ్ ఎనుబదిమూడేండ్ల అవ్వ. నవ్వుట, ఆడుట ఆమెకు ప్రియము. ఆమె జ్ఞాపకశక్తి సడలుచుండగా పెంకితనము వీడని మనుమడు డానీ ఆమె సంరక్షణమును తనపై వేసికొనును. జాయ్ అనగా ఆనందము. కావున నామము శ్లిష్టము. మతిమఱపు రోగమున పేర్లును మాటలును జాఱిపోవును. మాటలు పోవుచున్న మనిషి కథకు మాటలు లేని రూపము అలంకారము కాదు, ఔచిత్యము. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి. మాట లున్న నాటకమున ఒకడు వాగ్ధాటి గలవాడుగను, ఒకతె తడబడునదిగను కనబడి వారి నడుమ ఎచ్చుతగ్గు లేర్పడును. ఇట డానీయు మూకుడే. మౌనము వారిని సమానులను జేసినది. సమానత లేనిచోట దయ యుండవచ్చును, స్నేహ ముండదు.

ఈ స్నేహమునకు రసత్వ మున్నదా? తొమ్మిదవ శతాబ్ది ఆలంకారికుడైన రుద్రటుడు స్నేహమును స్థాయిగా గొని ప్రేయోరసమును పదియవదిగా చేర్చెను. అభినవగుప్తుడు దాని నంగీకరింపలేదు. బాలునికి తల్లిదండ్రులయెడ గల స్నేహము భయమునందును, యువకునికి మిత్రునియెడ గలది రతియందును, లక్ష్మణాదులది ధర్మవీరమునందును అంతర్భవించునని, వృద్ధునికి పుత్రాదులయెడ గలదియు నిట్లే యూహింపదగినదని ఆయన తీర్పు. ఈ వాదమున ఒక సూక్ష్మ మున్నది: స్నేహమును ఆయన వయసువారిగా విభజించి, ఒక్కొక్క భాగమును వేర్వేఱు రసములకు పంచియిచ్చెను. ఒకే స్నేహము రెండు వయసులవారియందు ఏకకాలమున సమముగా నుండుట ఆ విభజనమున చోటు దొరకని విషయము. డానీకి అవ్వయెడ గలది భయము కాదు; శృంగారస్పర్శ లేనిది; ఆటగా సాగునది గనుక ధర్మవీరమనియు జెప్పజాలము. జాయ్ ప్రేమను వాత్సల్యమందుమా, పోషించునది ఆమె కాదు, మనుమడు. కరుణమందుమా, శోకము స్థాయి కాక నడుమ నడుమ వచ్చిపోవు సంచారిగానే యున్నది. కావున ఈ విషయమున రుద్రటుని పక్షమే బలవత్తరమని నాకు తోచుచున్నది. లాక్షణికులు త్రోసిరాజన్న రసమునకు ప్రయోగము లక్ష్యమును చూపగలిగినచో లక్షణమును పునఃపరిశీలింపవలసినదే.

ఈ నాటకప్రక్రియయందు దోషములు లేవని చెప్పరాదు. మౌనమును పూరించుటకు వాద్యసంగీతము నిరంతరముగా వినిపించు నలవాటు కలదు. ప్రేక్షకుడు తనంత తాను గ్రహింపవలసిన భావమును వాద్యము ముందుగా చెప్పివేసినచో పైన పేర్కొన్న సందేహమును, దాని నివారణమును రెండును వ్యర్థములగును. ముఖావరణ మొక్కటే ముఖవైఖరిని శాశ్వతము చేయును గనుక పాత్రము వ్యక్తి కాక వర్గప్రతినిధిగా - 'అవ్వ', 'అధికారిణి', 'అల్లరివాడు' అని - గడ్డకట్టు ప్రమాద మున్నది. గౌణపాత్రములకు తఱచుగా ఈ గతియే పట్టుచున్నది. మఱియు స్నేహమున కలహము సైతము భాగమే. కోపమును సుకుమారముగా చూపుటకు ముఖావరణమునకు సాధనములు తక్కువ. అందుచే సేవలోని విసుగును, అలసటను హాస్యముగా కరగించు ప్రలోభము మిక్కుటము. ఆ ప్రలోభమునకు లొంగినంతమేర నాటకము సత్యమునకు దూరమగును.

అయినను గుణమే అధికము. చలింపని ముఖమునందు చలనమును చూచువాడు ప్రేక్షకుడు. కొయ్యకో కాగితపుముద్దకో కన్నీరు లేదు. దానిని మనమే చూచి యింటికి మరలుదుము. ఇంట నున్న ముసలివారి మొగములు కూడ వయసుచే బిగిసి, రోగముచే బిగిసి, మన తొందరకు అర్థము కాక యున్నవే. వారి వణకుచున్న చేతిని చూచి, అది వయసా భయమా యని ఒక్క నిమిషము నిలిచి యడుగుకొను నలవాటును ఈ నాటకము నేర్పగలిగినచో, రసాస్వాదనమునకును జీవితమునకును నడుమ ఉండవలసిన వంతెన ఉన్నట్లే.