వంగిన ఉక్కు చేసే పని

వేసవి సెలవులొస్తే అమెరికా హైవేల మీద పికప్ ట్రక్కుల వెనక మంచాలు, వంటగది, నీళ్ల ట్యాంకు అన్నీ అమర్చిన ట్రావెల్ ట్రెయిలర్లు బారులు తీరతాయి. ట్రక్కూ ట్రెయిలరూ కలిసే చోట, బంపరు కింద, నల్లరంగు పూసిన ఇనుప సరంజామా ఒకటి ఉంటుంది. అదే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. దానికి మోటారు లేదు, నూనె పంపు లేదు. ఒక బాల్, రెండు కడ్డీలు, రెండు గొలుసులు. వెనక పడ్డ బరువును ముందు చక్రాల దాకా జరిపేది ఇవే.

ఎడ్లబండికి బస్తాలు ఎత్తే రైతు చూసుకునే లెక్కే ఇక్కడా మొదటిది. బరువు వెనక్కి పోతే కాడి పైకి తేలుతుంది, ముందుకు మరీ వస్తే ఎడ్ల మెడలు కుంగుతాయి. ట్రావెల్ ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బాల్ మీద ఉండాలి. దీన్ని టంగ్ వెయిట్ అంటారు. ఇది బాగా తగ్గితే వేగంలో ట్రెయిలర్ అటూ ఇటూ ఊగిపోతుంది. అందుకని ఈ బరువును వదిలించుకోవడానికి లేదు. చిక్కల్లా అది పడే చోటుతోనే. బాల్ ఉండేది ట్రక్కు వెనక ఇరుసుకు ఇంకా వెనక. ట్రక్కు ఇరుసుల మధ్య 3.6 మీటర్లు, వెనక ఇరుసు నుంచి బాల్‌కు 1.2 మీటర్లు, టంగ్ వెయిట్ 300 కిలోలు అనుకుందాం. వెనక ఇరుసు మీద పెరిగేది 300 కాదు, 400 కిలోలు. ఆ ఎగస్ట్రా వంద ముందు ఇరుసు మీంచి పోయిందే. స్టీరింగుకు పలకాల్సిన చక్రాలే తేలికపడ్డాయన్నమాట.

బాల్ కింద హిచ్ తలలో రెండు సాకెట్లుంటాయి. వాటిలోంచి రెండు స్ప్రింగ్ బార్లు బయల్దేరి, ట్రెయిలర్ ముందుండే ‘A’ ఆకారపు ఫ్రేము దూలాల కిందుగా వెనక్కి సాగుతాయి. ఒక్కో బారు కొసకు ఒక గొలుసు. దాన్ని పైకి లాగి దూలం మీది బ్రాకెట్‌కు తగిలిస్తే బారు కొస పైకి వంగుతుంది. వంగిన ఉక్కు మళ్లీ తిన్నగా కావాలని చూస్తుంది. ఆ ప్రయత్నంలో కొస దగ్గర ఫ్రేమును కిందికి గుంజుతుంది, మొదలు దగ్గర హిచ్ తలను మెలిపెట్టి ట్రక్కు వెనకభాగాన్ని పైకెత్తుతుంది, ముందుభాగాన్ని కిందికి నొక్కుతుంది. బాల్ నుంచి 75 సెంటీమీటర్ల దూరంలో రెండు గొలుసులూ కలిసి 200 కిలోల లాగుడు లాగుతున్నాయనీ, ట్రెయిలర్ ఇరుసులు బాల్‌కు 6 మీటర్ల వెనక ఉన్నాయనీ అనుకుంటే లెక్క ఇలా తేలుతుంది: ట్రక్కు వెనక ఇరుసు మీద 75 కిలోలు తగ్గి, ముందు ఇరుసుకు 50, ట్రెయిలర్ ఇరుసులకు 25 చేరతాయి. మొత్తంలో ఒక్క కిలో తగ్గలేదు, పెరగలేదు. ట్రక్కు మోయగల పరిమితీ పెరగదు.

గట్టి కడ్డీ పెట్టకుండా స్ప్రింగే ఎందుకంటే, రోడ్డు చదునుగా ఉండదు గనక. పల్లంలో దిగినప్పుడు, గట్టు ఎక్కినప్పుడు ట్రక్కుకూ ట్రెయిలర్‌కూ మధ్య కోణం మారిపోతుంది. వంగని కడ్డీ అయితే ఏదో ఒకటి విరగాల్సిందే. స్ప్రింగ్ బారు ఇంకాస్త వంగి, ఇంకాస్త సడలి ఆ మార్పును భరిస్తుంది. మలుపులో బార్లు సాకెట్లలో తిరుగుతాయి, గొలుసులు ఏటవాలుగా ఊగుతాయి. లాగుడు మాత్రం తెగదు. ఈ సరంజామాలో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే.

అమర్చడంలో అసలు పనిముట్టు కొలత టేపు. చదునైన నేల మీద, ప్రయాణానికి సిద్ధంగా సామానంతా ఎక్కించాక, ముందు చక్రం నడిమధ్యకు సూటిగా నేల నుంచి ఫెండరు అంచు దాకా కొలవాలి. ట్రెయిలర్ తగిలించకముందు 36 అంగుళాలు, బార్లు లేకుండా తగిలించాక 37½ వచ్చిందనుకోండి. పెరిగినదాంట్లో సగం దించమని ట్రక్కు మాన్యువల్ చెబితే లక్ష్యం 36¾. కొన్ని మాన్యువల్స్ పూర్తిగా దించమంటాయి, కొన్ని ఈ హిచ్ వాడనే వద్దంటాయి. వాటి మాటే వినాలి. ట్రెయిలర్ బాల్‌కు తగులుకుని ఉండగానే ముందు జాకీతో ట్రెయిలర్ మొననూ ట్రక్కు వెనకభాగాన్నీ కలిపి ఎత్తితే, గొలుసు పెద్ద బలం లేకుండానే బ్రాకెట్‌కు అందుతుంది. జాకీ దించాక మళ్లీ టేపు. ఇంకా ఎత్తుగా ఉంటే రెండు వైపులా సమానంగా ఒక్కో లింకు తగ్గించాలి. ఒక లింకు చాలదు, రెండయితే ఎక్కువ అన్న చోట హిచ్ తల వంపును వాషర్లతో సవరిస్తారు.

గట్టిగా బిగిస్తే మంచిదే కదా అనుకోకూడదు. మరీ బిగిస్తే వెనక చక్రాలు తేలికై, తడి రోడ్డు మలుపులో ట్రక్కు వెనకభాగం జారుతుంది. టేపు చెప్పినదాన్ని ట్రక్ స్టాపుల్లోని క్యాట్ స్కేల్ వేబ్రిడ్జి మీద సరిచూసుకోవచ్చు. అక్కడి పలకలు ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రెయిలర్ ఇరుసుల బరువులను విడివిడిగా చీటీ మీద అచ్చువేసి ఇస్తాయి.

ఇక సంరక్షణ. సాకెట్లలో బార్లు తిరిగే చోట, బాల్ మీద గ్రీజు ఉండాలి. ఇసుక కలిసి నల్లబడిన గ్రీజును తుడిచేసి కొత్తది రాయాలి. ఊగుడును తగ్గించే ఫ్రిక్షన్ బారు ఉంటే దానికి గ్రీజు తగలనే కూడదు, రాపిడే దాని పని. బాల్ నట్టును తయారీదారు చెప్పిన అంకెకు టార్క్ రెంచితో బిగించాలి. వెల్డింగ్ అంచుల్లో పగుళ్లు, గొలుసు లింకుల లోపలి అరుగుదల వేలితో తడిమి చూడాలి. విప్పేటప్పుడు కూడా జాకీ ఎత్తాకే బ్రాకెట్ కదపాలి, మొహం బ్రాకెట్‌ను తిప్పే పిడి దారిలో పెట్టకూడదు. వంగిన బారులో దాగిన బలం ఒక్క విసురుతో బయటికొస్తుంది. నీళ్ల ట్యాంకు నింపినా, బరువైన సామాను ముందు అలమరలోంచి వెనక్కి మార్చినా టంగ్ వెయిట్ మారిపోతుంది కాబట్టి, టేపు మళ్లీ తీయాలి.