మనస్తత్త్వ విమర్శ – పరిశోధన పద్ధతి

ఉప్పల్, ఘట్‌కేసర్‌ల మీదుగా వరంగల్లు పోవు మార్గమునకు అనతిదూరముననే ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము గలదు. నవీన్ 1969లో ప్రకటించిన ‘అంపశయ్య’ నవలకు ఆ ప్రాంగణమే రంగస్థలము. రవి అను పేద విద్యార్థి యొక్క ఒక దినపు చిత్తవృత్తి అందలి వస్తువు. మనస్తత్త్వశాస్త్ర పరిశోధన పద్ధతులను సాహిత్య విద్యార్థులకు బోధింపగోరు ఉపాధ్యాయునకు ఇది మిక్కిలి అనువైన గ్రంథము.

ఇట్టి నవలలను గూర్చి వ్రాయు విద్యార్థి తరచుగా, నాయకునకు ఆత్మన్యూనతాభావము గలదని ముందే నిర్ణయించుకొని, అందుకు సరిపడు వాక్యములను మాత్రమే ఏరి చూపును. ఇది ఆడ్లర్ పరిభాషను వాడుటయే గాని ఆ శాస్త్రమును అనుసరించుట గాదు. సాధింపవలసిన దానినే హేతువుగా గ్రహించుట దోషమని మన నైయాయికులు ‘సాధ్యసమము’ అను పేర ఏనాడో చెప్పియున్నారు.

చైతన్యస్రవంతి రచన ఆత్మపరిశీలన నివేదికను పోలియుండుటచే మరియొక భ్రాంతి కలుగుచున్నది. 1879లో లైప్‌జిగ్‌లో ప్రయోగశాలను నెలకొల్పిన వుంట్, శిక్షితులైన పరిశీలకుల స్వానుభవ కథనమును ఆధారముగా గొనెను. అట్టి కథనమును ఇతరులు సరిచూడజాలరని వాట్సన్ 1913లో ఆక్షేపించెను. నవలలోని మాటలు అట్టి కథనము సైతము గావు; అవి రచయిత కూర్చినవి. రవి రోగి గాడు, పాత్ర. కావున మన నిర్ణయము గ్రంథపరిధిని దాటరాదు.

బోధనకు ఒక అభ్యాసమును సూచింతును. న్యూనతాభావమును ముందుగా నిర్వచించి, ఒక ప్రకరణమును ఇరువురు విద్యార్థులకు ఇచ్చి, ఆ లక్షణము గల తావులను వేరువేరుగా గుర్తింపజేయవలెను. భేదించిన తావులే నిర్వచనమందలి లోపమును తెలుపును. యాదృచ్ఛికముగా కుదిరిన ఏకీభావమును తీసివేసి లెక్కించు విధానమును కోహెన్ 1960లో చూపెను. పిదప ఆ తావులకే దారిద్ర్యము కారణము కారాదా యని ప్రశ్నింపవలెను.

రసమును అంకెలతో కొలువవచ్చునా యని కొందరు శంకింపవచ్చును. కొలుచుట గాదు, విమర్శకుని పునాదిని పరీక్షించుట మాత్రమే. చేత డబ్బు లేని యువకుని వేదనను మానసిక గ్రంథిగా వ్యాఖ్యానించినచో రచయితకే గాక, నేడు ఘట్‌కేసర్ పరిసరములందలి కళాశాలలలో చదువుచున్న అట్టి యువకులకును అన్యాయము జరుగును. ఏ ఆధారము దొరకినచో తన సిద్ధాంతమును విడువవలసివచ్చునో ముందే చెప్పగల విద్యార్థియే పరిశోధకుడు.