కర్ర, తాడు, మెడలో స్కార్ఫ్

దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరికైనా అడ్రస్ చెప్పాలంటే మెట్రో పిల్లర్ నంబర్ చెప్పాల్సిందే. ఆ పిల్లర్ ఎత్తెంత అని అడిగితే మాత్రం రోజూ దాని పక్కనుంచి వెళ్లేవాళ్లు కూడా తెల్లమొహం వేస్తారు. స్కౌట్ శిక్షణ పొందిన ఏడో తరగతి పిల్లాడు చెప్పేస్తాడు. వాడికి కావలసింది ఒక పెన్సిలూ ఒక స్నేహితుడూ. స్నేహితుణ్ని పిల్లర్ మొదట్లో నిలబెట్టి, తాను దూరంగా జరిగి, చెయ్యి బారచాపి పెన్సిలు నిలువుగా పట్టుకుంటాడు. పెన్సిలు కొన స్నేహితుడి తలకు, బొటనవేలి గోరు వాడి పాదాలకు సరిపోవాలి. అక్కణ్నుంచి ఆ కొలతనే పైకి పేర్చుకుంటూ పోతాడు. స్నేహితుడి ఎత్తు ఐదడుగులై, కొలత ఎనిమిదిసార్లు పడితే నలభై అడుగులు. (ఆ ట్రాఫిక్‌లో నిజంగా చెయ్యకండి. బడి ఆవరణలో వేపచెట్టు ఉంటే చాలు.)

ఇలాంటి విద్యలన్నీ ఇంగ్లండ్ నుంచి దిగుమతి అయ్యాయనుకుంటాం. సగమే నిజం. స్కౌట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన బేడెన్ పావెల్ 1876లో సైనికాధికారిగా మన దేశానికి వచ్చాడు. ఇక్కడ అడవిపందుల వేటలో ఆరితేరి, దాని మీద ఒక పుస్తకమే రాశాడు. జాడలు పట్టడం, నేల చూసి దారి పోల్చుకోవడం, వచ్చింది ఏ జంతువో, ఎంతసేపటి కిందట వెళ్లిందో తేల్చడం ఆయన ఇక్కడా, ఆ తర్వాత ఆఫ్రికాలోనూ సానబెట్టుకున్న విద్యలు. పళ్లెంలో ఇరవై ముప్ఫై వస్తువులు పెట్టి, ఒక్క నిమిషం చూపించి, గుడ్డ కప్పి, గుర్తున్నవన్నీ రాయమనే ‘కిమ్స్ గేమ్’కు మూలం కిప్లింగ్ నవల ‘కిమ్’లోని సిమ్లా నగల దుకాణం. 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో తొలి స్కౌట్ శిబిరం జరిగింది. ‘స్కౌటింగ్ ఫర్ బాయ్స్’ పుస్తకం 1908లో వచ్చింది.

మన నేల మీద పదునెక్కిన ఈ విద్య మన పిల్లలకు మాత్రం దక్కలేదు. 1909లో బెంగళూరులో మొదలైన స్కౌట్ దళంలో యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ కుర్రాళ్లకే చోటు. కారణం తెలిసిందే. దారులు గుర్తుపెట్టుకోవడం, సంకేతాలతో మాట్లాడుకోవడం, చిన్న జట్లుగా కదలడం నల్లవాడి బిడ్డ నేర్చుకుంటే రేపు విప్లవకారుడవుతాడని తెల్లదొరల భయం.

మనవాళ్లు అనుమతి కోసం చూస్తూ కూర్చోలేదు. తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన వివియన్ బోస్ మధ్య పరగణాల్లో భారతీయ బాలురతో స్కౌట్ దళాలు నడిపాడు. అలహాబాద్‌లో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ వాజపేయి సేవాసమితి స్కౌట్లను తయారుచేశారు. మద్రాసులో తన సహచరుడు అరండేల్‌ను తోడు పెట్టుకుని అనీబిసెంట్ వేరే సంఘం పెట్టింది. మదనపల్లె కాలేజీ స్థాపించిన బిసెంటే. ఆమె స్కౌట్లు టోపీకి బదులు తలపాగా చుట్టేవారు. 1921లో బేడెన్ పావెల్ వచ్చి బిసెంట్ సంఘాన్ని తన సంఘంలో కలుపుకున్నాడు. సేవాసమితి కలవలేదు. 1937లో బేడెన్ పావెల్ మళ్లీ వచ్చి వెళ్లాక, భారతీయుల వ్యక్తిత్వాన్ని చులకన చేస్తూ ఆయన అన్న మాటలు పత్రికలకెక్కాయి. రాజీనామాలు మొదలయ్యాయి, 1938లో హిందుస్థాన్ స్కౌట్ అసోసియేషన్ పుట్టింది.

స్వాతంత్ర్యం తర్వాత, మౌలానా ఆజాద్ విద్యామంత్రిగా ఉండగా, 1950 నవంబరు 7న ఈ పాయలు ‘భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్’గా ఒక్కటయ్యాయి. ప్రతిజ్ఞలోంచి రాజు పోయాడు. చిహ్నంలో అశోకచక్రం చేరింది. ఆ సంస్థ తొలి జాతీయ జంబోరీ 1953లో మన హైదరాబాద్‌లోనే జరిగింది. దోమల్‌గూడలోని రాష్ట్ర కార్యాలయం ముందునుంచి రోజూ వెళ్లే నగరవాసుల్లో ఈ సంగతి ఎంతమందికి తెలుసో!

ఇక విద్య దగ్గరికి వద్దాం. రీఫ్ నాట్ అనే ముడి తీసుకోండి. కుడి కొనను ఎడమ కొన మీదుగా వేసి మెలిపెట్టాలి, ఆ తర్వాత ఎడమదాన్ని కుడిదాని మీదుగా. రెండుసార్లూ ఒకే వైపు తిప్పితే గ్రానీ నాట్ పడుతుంది. అది జారిపోతుంది, లేదా బిగుసుకుపోయి విప్పలేం. సరిగ్గా పడిన రీఫ్ నాట్ బల్లపరుపుగా ఉంటుంది, గాయం మీద ఒత్తదు. అందుకే కట్లకు అదే వాడతారు. మనిషి బరువు మాత్రం దాని మీద వెయ్యకూడదు. దానికి బోలైన్ ముడి ఉంది, ఎంత లాగినా ఉచ్చు బిగియదు. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు కింది కోదండరాంనగర్ లాంటి కాలనీలు నీళ్లపాలయ్యాయి. అలాంటి నీళ్లలో నడుముకు తాడు కట్టుకోవాల్సి వస్తే ఈ తేడా తెలిసుండాలి. రెండు కర్రలూ రెండు చొక్కాలూ ఉంటే స్ట్రెచర్ తయారు: గుండీలు పెట్టి, చేతులు లోపలికి తిప్పి, వాటిలోంచి కర్రలు దూర్చడమే. మెడలో స్కార్ఫ్ అలంకారం కాదు, విప్పితే చెయ్యి విరిగినవాడికి జోలె.

అయినా నా లెక్కలో స్కౌటింగ్ ప్రాణం ముడుల్లో లేదు, పెట్రోల్ పద్ధతిలో ఉంది. ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లల జట్టును పెట్రోల్ అంటారు. దానికి నాయకుడు, అంటే పెట్రోల్ లీడర్, ఆ పిల్లల్లోనే ఒకడు. గుడారం ఎక్కడ వెయ్యాలి, వంట ఎవరిది, వెనకబడినవాణ్ని ఎవరు చూసుకోవాలి అన్నీ వాడు తేల్చాలి. పెట్రోల్ లీడర్లు కూర్చునే సభ కోర్ట్ ఆఫ్ ఆనర్. స్కౌట్ మాస్టర్ అక్కడ సలహాదారు మాత్రమే. తెల్లవాళ్లు మన పిల్లలకు ఇవ్వడానికి జంకింది ఈ పెత్తనమే. చిత్రమేమిటంటే ఇప్పుడు మనమూ ఇవ్వడం లేదు. చాలా బడుల్లో స్కౌట్ అంటే ఆగస్టు 15న కవాతు చేసి, ముఖ్య అతిథికి దండ అందించే పిల్లాడు. రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్ కోటా ఉంది కాబట్టి సర్టిఫికెట్ మీద తల్లిదండ్రులకు ఆసక్తి. అది తప్పనను.

కోచింగ్ సెంటర్ల మధ్య, మూడంతస్తుల భవనాల్లో నడిచే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ బడులకు గ్రౌండ్ లేదన్నది నిజమే. ముడులకు డాబా చాలు. జాడలు పట్టడానికి వనస్థలిపురం అవతల హరిణ వనస్థలి ఉంది. నిజాం వేటాడిన ఆ అడవిలో ఇప్పుడు కృష్ణజింకలు తిరుగుతున్నాయి. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లేటప్పుడు ఏమేం తేవాలో టీచర్లు లిస్టు రాసివ్వకపోతే మేలు. మంచినీళ్లు ఎవరు తేవాలో ముందురోజు తేల్చుకోని పెట్రోల్, మర్నాడు పక్క పెట్రోల్‌ను అడగాల్సి వస్తుంది. ఆ సంగతి తర్వాతి కోర్ట్ ఆఫ్ ఆనర్‌లో చర్చకొస్తుంది.