దొరికిన సొమ్ము, దాచిన సొమ్ము

సామ్ రెయిమీ దర్శకత్వం వహించిన ‘ఎ సింపుల్ ప్లాన్’ (1998) చిత్రంలో, మిన్నెసోటా మంచులో కూలిన విమానంలో ముగ్గురికి 44 లక్షల డాలర్లు దొరుకుతాయి. సొమ్మును వసంతం వరకు హాంక్ దాచాలి, ఎవరూ వెతుక్కుంటూ రాకుంటే పంచుకోవాలి. ఇదీ ఒప్పందం. ఫిఖ్హ్ గ్రంథాలలో దొరికిన సొమ్ముకు, అనగా ‘లుఖతా’కు కూడా గడువుంది: సాధారణంగా ఒక సంవత్సరం. కాని ఆ గడువు సొంతదారుకు తెలిసేలా చాటడానికి. ఈ గడువు అతనికి తెలియకుండా దాచడానికి. పతనమంతా ఈ తేడాలోనే ఉంది. రహస్యం కోసం ఒక హత్య, దాన్ని కప్పిపుచ్చడానికి మరికొన్ని. చివరకు హాంక్ తన అన్న జేకబ్‌నే కాల్చవలసి వస్తుంది. జేకబ్ అంతర్మథనాన్ని బిల్లీ బాబ్ థార్న్‌టన్ మాటలకన్న చూపులతోనే పలికించాడు. నోట్ల నంబర్లు నమోదై ఉన్నాయని తెలిసి హాంక్ సొమ్మును తగలబెట్టే ఘట్టం మాత్రం అదనం. జేకబ్ మరణంతోనే తీర్పు వెలువడింది. నోట్లు చెల్లినా హాంక్ నష్టపోయినవాడే.