ముహూర్తం పాలకు, సామానుకు కాదు

శ్రావణం వచ్చిందంటే తాండూరు నుంచి పట్నం దారి పట్టే డీసీఎం వ్యాన్లలో బీరువాలు, మంచాలు కనబడతాయి. ఆషాఢంలో ఆగిన గృహప్రవేశాలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి మరి. యాలాల్ మండలంలోని మా చుట్టాల్లో ఎవరు ఫ్లాటు చూసుకున్నా లింగంపల్లి, చందానగర్ చుట్టుపక్కలే చూస్తారు. పండక్కి ఊరికి రావాలంటే అక్కడ రైలెక్కి వికారాబాద్ మీదుగా తాండూరులో దిగొచ్చన్నది వాళ్ల లెక్క. ఇల్లు మారేటప్పుడు సామాను సర్దడానికి నన్ను పిలుస్తుంటారు. వెళ్లగానే నేను చెప్పే మొదటి మాట ఒకటే: మంచిరోజున పాలు పొంగించండి, సామాను ఇంకో రోజు తెద్దాం.

మంచి ముహూర్తం మనకొక్కరికే కాదు, ఊరందరికీ మంచిదే. ఆ రోజు బండి దొరకదు, దొరికినా కిరాయి ఎక్కువ. అదే అపార్ట్‌మెంటులో ఇంకో కుటుంబం కూడా దిగితే లిఫ్టు దగ్గర వరుస కట్టాల్సిందే. దేవుడి పటం, ఉప్పు, పసుపు, కందిపప్పు, పాలగిన్నె తీసుకెళ్లి శాస్త్రం కానిచ్చి వచ్చేస్తే, అసలు పని తీరిగ్గా చేసుకోవచ్చు. పాలకు వెళ్లిన ఆ రోజే టేపు పట్టుకుని లిఫ్టు తలుపు, మెట్ల మలుపు, వంటగది అరలు, సజ్జ కొలుచుకుని రావాలి. ఆరున్నర అడుగుల బీరువా లిఫ్టులో పడుతుందా, మెట్ల మీద మోయాలా అన్నది ముందే తెలిస్తే హమాలీతో బేరం ఊర్లోనే తెగుతుంది. సామాను ఎక్కించే వేళలకు, లిఫ్టు వాడకానికి అసోసియేషన్ వాళ్ల నిబంధనలేమిటో కూడా అప్పుడే అడగాలి.

మా వైపు ఇళ్లకు ఒక చిక్కు ఉంది. తాండూరు బండ చేతికందే చోట ఇల్లు కడితే నేల నాపరాయే, గోడలో అరలూ నాపరాయే. అందుకే సామాను లెక్క రాయమంటే బీరువా, ఫ్రిజ్జు, రెండు మంచాలు అని ముగించేస్తారు. అరలు గోడతోనే ఉండిపోతాయి, వాటి మీదున్న ఇత్తడి బిందెలు, డబ్బాలు, సీసాలు మాత్రం మనతో బయల్దేరతాయి. ఫ్లాటులో వాటికి చోటెక్కడ? ప్రతి వస్తువుకూ ఊర్లోనే తీర్పు చెప్పాలి: వెంట వచ్చేది, అన్నదమ్ములకు ఇచ్చేది, పాత సామాన్ల బండికి వేసేది. బండి వాకిట్లో నిలబడ్డాక ఈ పంచాయితీ పెడితే ఏదీ వదలబుద్ధి కాదు, అన్నీ ఎక్కుతాయి.

సర్దడంలో నాకిష్టమైన పని తొక్కు జాడీ. మూతి చుట్టూ నూనె శుభ్రంగా తుడిచి, రెండు పొరల ప్లాస్టిక్ కవరు కప్పి, దారంతో బిగించి కట్టాలి. పాత చీర చుట్టి లోతైన గంగాళంలో నిలబెట్టి, సందుల్లో తువ్వాళ్లు కుక్కాలి. జాడీ కదలదు, గుడ్డలకు వేరే మూట అక్కర్లేదు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన మన తాండూరు కంది ఎలాగూ వెంట వస్తుంది. పప్పును రెండెండలు చూపించి, చల్లారాకే మూట కట్టాలి. ఫ్రిజ్జును నిలువుగానే తీసుకెళ్లాలి, దించిన కొన్ని గంటల తర్వాతే స్విచ్ వేయాలి.

కాగితాల పని వారం ముందే తెముల్చుకోవాలి. వేరే ఊరికి మారుతుంటే గ్యాస్ సిలిండర్, రెగ్యులేటర్ డీలరుకు అప్పగించి వోచర్ తీసుకోవాలి. ఆ కాగితంతో అక్కడ కనెక్షన్ వస్తుంది. పొయ్యి మనదే, బండెక్కుతుంది. కరెంటు మీటరు రీడింగ్ రెండు చోట్లా ఫొటో తీసి పెట్టుకోవాలి, కొత్త ఫ్లాటు మీద పాత బకాయి ఉందేమో సర్వీస్ నంబరుతో చూసుకోవాలి. రేషన్ బియ్యం రాష్ట్రంలో ఏ దుకాణంలోనైనా తీసుకోవచ్చు కనుక కార్డు మార్పు నిదానంగా చేసుకోవచ్చు. ఓటు మార్చుకోవడానికి కొత్త చిరునామాకు మారాక ఫారం-8 నింపాలి.

ఒక్క సంచి అన్నిటికన్నా చివర ఎక్కాలి, అన్నిటికన్నా ముందు దిగాలి. మందులు, ఫోను చార్జర్లు, ఒక బల్బు, స్క్రూడ్రైవర్, చాపలు, దుప్పట్లు, చాయ్ పత్తా, చక్కెర, రెండు గిన్నెలు అందులో ఉంటే మొదటి రాత్రి గడిచిపోతుంది.

ఇన్ని లెక్కల్లో తరచూ మరచిపోయేది ఇంట్లో పెద్దవాళ్లను. మొన్న ఒక ఇంట్లో రోలు తెస్తామా, వదిలేస్తామా అని కొడుకులు వాదించుకుంటుంటే వాళ్ల అవ్వ అంది: “రోలు ముచ్చట తర్వాత జూద్దురు గని, నేనేడ గూసోవాల్నో జెప్పుండ్రి బిడ్డా.” ఇన్నేళ్లూ ఆమె పగలంతా గడిపింది వాకిట్లో అరుగు మీదే. ఫ్లాటుకు అరుగు ఉండదు. బాల్కనీలో వాషింగ్ మెషిన్ పెట్టాలా, అవ్వ కుర్చీ వేయాలా అన్నది కూడా ఊర్లోనే తేల్చుకోవాల్సిన లెక్క. అది తేలాకే డీసీఎంకు అడ్వాన్సు ఇవ్వండి.