కరెంటు పుట్టించని యంత్రం

కుమ్మరి సారెను గిరగిరా తిప్పి కర్ర తీసేసినా వెంటనే ఆగదు. ఆ ఊపులోనే కుండ లేస్తుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో, పోర్ట్ అగస్టా దగ్గరి డావెన్‌పోర్ట్ సబ్‌స్టేషన్‌లో రెండు, రాబర్ట్స్‌టౌన్‌లో రెండు యంత్రాలు ఈ సారె పనే చేస్తున్నాయి. వాటిని సింక్రనస్ కండెన్సర్లు అంటారు. ఇవి మన సీలింగ్ ఫ్యాన్‌లో ఉండే కండెన్సర్ లాంటివి కావు. చూడ్డానికి జనరేటరే. బొగ్గు అడగదు, గ్యాసు అడగదు, ఒక్క యూనిట్ కూడా పుట్టించదు. పైగా తిరగడానికి గ్రిడ్ కరెంటే కాస్త తింటుంది. మరి ఇంత ఖర్చు పెట్టి ఎందుకు నిలబెట్టినట్టు?

2016 సెప్టెంబర్ 28న సుడిగాలులకు అక్కడి హైటెన్షన్ టవర్లు కూలాయి. రెండు నిమిషాల్లో ఆరుసార్లు వోల్టేజీ పడిపోయింది. కొద్ది వ్యవధిలో నిర్ణయించినన్ని సార్లకు మించి వోల్టేజీ పడితే ఉత్పత్తి తగ్గించుకోవాలని గాలిమరల కంట్రోల్ వ్యవస్థలో ఒక సెట్టింగ్ ఉంది. ఆ లెక్క దాటింది. ఏడు సెకన్లలోపే 456 మెగావాట్లు పోయాయి. ఆ లోటంతా పొరుగు రాష్ట్రం విక్టోరియా నుంచి వచ్చే హేవుడ్ లైను మీద పడింది, అదీ ట్రిప్ అయింది. తూర్పు ఆస్ట్రేలియా కాలమానం ప్రకారం సాయంత్రం 4:18కి రాష్ట్రమంతా చీకటి.

గాలిమరలను తిట్టిపోసినవాళ్లకు కొదవ లేదు. ఇంజనీర్లు మాత్రం సెట్టింగ్ మార్చారు, ఆ తర్వాత అసలు వెలితిని వెతికారు.

ఆ వెలితి ఊపుది. పాత కేంద్రాల్లో టన్నుల కొద్దీ బరువున్న రోటర్లు గ్రిడ్‌తో అయస్కాంత బంధంతో ముడిపడి తిరిగేవి. ఎక్కడో లోటు రాగానే, ఎవరి ఆజ్ఞ కోసమూ చూడకుండా తమ ఊపులోంచి కొంత ఇచ్చేసేవి. 50 హెర్ట్జ్‌ల ఫ్రీక్వెన్సీ దబ్బున పడకుండా నిదానంగా దిగేది. సోలార్ పలకల వెనకున్న మామూలు ఇన్వర్టర్‌కు ఆ గుణం లేదు. అలాంటి మామూలు ఇన్వర్టర్‌తో నడిచే బ్యాటరీ చురుకే, కానీ అదీ ముందు కొలవాలి, తర్వాతే కదలాలి. సారె కొలవదు.

ఈ సింక్రనస్ కండెన్సర్లకు ఫ్లైవీల్ అనే బరువైన చక్రాన్ని జోడించడంలోనే పనితనం ఉంది. నాలుగూ కలిసి తమ ఊపులో 4,400 మెగావాట్-సెకన్ల శక్తిని దాచుకుంటాయి. వోల్టేజీ కుంగితే ఎత్తుతాయి, పొంగితే దించుతాయి. 2016 మేలో మూతబడిన ఆ రాష్ట్రపు చివరి బొగ్గు కేంద్రం పోర్ట్ అగస్టాదే. దాని రోటర్లు కరెంటుతో పాటు కొసరుగా ఇచ్చినదాన్ని ఇప్పుడు అదే ఊళ్లో విడిగా తయారు చేస్తున్నారు. కొసరు విలువ అది పోయాకే తెలిసిందన్నమాట!

ఈ కండెన్సర్లు లేనప్పుడు, గాలి ఎంత వీస్తున్నా గ్రిడ్ భద్రత కోసం సాధారణంగా నాలుగు పెద్ద గ్యాస్ యూనిట్లను నడపాల్సి వచ్చేది. 2021లో ఇవి పనిలోకి దిగాక అది రెండుకు తగ్గింది.